తిరునల్వేలి దారిలో వెదురు గెడ

"పికెటింగ్! ఈ కొండల్లోకీ వచ్చేసింది పికెటింగ్!" అని ఫారెస్టు రేంజరు జగన్నాథరావు గారు బండిలోంచే కేకేశారు.

ఎదురుగా దారికి అడ్డంగా వెదురు గెడ. దాని వెనక తలనిండా పూలు పెట్టుకున్న కొండ ఆడవాళ్లు నవ్వుతూ నిలబడ్డారు.

పాపం, ఆయన భయం ఆయనది. అది పంతొమ్మిది వందల ఇరవై ఒకటో సంవత్సరం. రాజమండ్రిలో కుర్రాళ్లు కాలేజీ మానేస్తున్నారట, కాకినాడలో సీమగుడ్డలు తగలబెడుతున్నారట. సర్కారు నౌకరీ చేసే తండ్రి కొడుకుని ఎక్కడ చేర్చాలి? నెల్లాళ్లు బుర్ర గోక్కుని తిరునల్వేలి అని తేల్చారు. అక్కడ గొడవలు లేవని కాదు. ఉపన్యాసాలన్నీ అరవంలో ఉంటాయి గనక కొడుకు సర్వేశ్వరరావుకి ఒక్క ముక్కా అర్థం కాదని! అంత తెలివికి దణ్ణం పెట్టాల్సిందే.

సీటు ఖాయం చేసుకోవడానికి తండ్రీకొడుకులు అరకు నుంచి కొండ దిగుతున్నారు. అంత దూరం పోతే ఏడాదికోసారి ఇంటికి రావడమే గొప్ప. బడి మేష్టారి కూతురు రత్నని తలుచుకుంటే సర్వేశ్వరరావుకి ఏడుపొస్తోంది. సంతలో కనబడినప్పుడల్లా వాన గురించి, పసుపు ధర గురించి మాట్లాడాడే గాని, అసలు మాట ఒక్కనాడూ అనలేదు.

ఆ రత్నే ఇప్పుడు గెడ పట్టుకుని నిలబడింది.

"ఏటైనా ఇచ్చి ఎల్లండి బాబూ! నేదంటే దిగి ఆడండి!" అంది ముందున్న యర్రమ్మ.

"స్వరాజ్య నిధికా? దమ్మిడీ ఇవ్వను. నా ఉద్యోగం పోతుంది!"

"అది కాదు బాబూ..." అన్నాడు బండి తోలే పోలయ్య.

"నువ్వు నోరు మూసుకో. నువ్వూ వాళ్లలో చేరావా?"

నిజానికి అది ఇటికల పండగ. చైత్రంలో మగవాళ్లు వేటకెళితే ఆడవాళ్లు దారి కాసి, వచ్చేపోయేవాళ్ల దగ్గర పండగ మామూలు పుచ్చుకుంటారు. ఇవ్వనివాడు వాళ్లతో కలిసి ఆడాలి. నిరుటి వానల్లో బదిలీ మీద వచ్చిన రేంజరు గారికి ఆ సంగతి తెలియదు. కొడుక్కి తెలుసు, రత్నే చెప్పింది. అయినా పెదవి విప్పలేదు.

రత్న మెల్లిగా బండి వెనక్కి వచ్చింది.

"మీకు తెలుసు గదా. నాన్నగారికి చెప్పరేటి?"

"చెబితే బండి కదిలిపోతుంది."

"కదిలితే ఏటి?"

"నువ్వు ఇక్కడే ఉండిపోతావు."

రత్న మొహం ఎర్రబడింది. "ఈ మాట సంతలో అనడానికి నోరు రానేదా?"

"పసుపు ధర అడ్డొచ్చింది."

ఆమె పకాలున నవ్వేసింది. జగన్నాథరావు గారు వెనక్కి తిరిగారు. వాళ్లు మాట్లాడుకున్నది తెలుగే కదా, ఆయనకి అంతా అర్థమైంది.

"అయితే ఇది పికెటింగ్ కాదా?"

"పండగండీ," అంది రత్న.

"వీడు ఏ కాలేజీలో బుద్ధిగా చదువుతాడో నువ్వే చెప్పమ్మా."

"విజయనగరం అండీ."

"అక్కడ గొడవల్లేవా?"

"ఎందుకు నేవండీ, ఉన్నాయి." రత్న తల వంచుకుంది. "కానీ సెలవులకి బేగి ఇంటికొచ్చేయొచ్చు."

ఆయన మీసం సవరించుకుంటూ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"పోలయ్యా, బండి తిప్పు. మేష్టారింటికి పోనియ్."

"ఎలా తిప్పను బాబూ? ఎనకా గెడ ఎట్టేసినారు."

రేంజరు గారు జేబులో చెయ్యి పెట్టారు. యర్రమ్మ తల అడ్డంగా ఊపింది. "దమ్మిడీ ఇవ్వనన్నావు గదా బాబూ. ఇప్పుడిచ్చినా ఒగ్గం. ఆడాల్సిందే."

జగన్నాథరావు గారు సర్కారు కోటు విప్పి, కాబోయే కోడలి చేతికిచ్చి, బండి దిగారు.