ఖాళీ వదలకూడని గడి

కొత్త విద్యాచట్టం ప్రకారం బడిని బాగుచేయడానికి ఆఫీసు పంపిన పర్యవేక్షకుడు మొదటిరోజే ఆలస్యంగా వచ్చాడు. ఎంతో కాదు, ఆరు నిమిషాలు. తప్పు బస్సుది. కానీ గంట పిన్నికి బస్సులతో పనేమిటి? బెల్లు కొట్టేదీ, గేటు మూసేదీ ఆవిడే. పాతికేళ్ళుగా ఆ బడిలో ఆవిడ మాటే చట్టం.

"ఆఫీసు నుంచి వచ్చానమ్మా."

"ఎవరైతేనేం బాబూ, తొమ్మిది దాటిపోయింది."

గేటు లోపల సుద్దపొడి అంటిన చేతులతో నిలబడ్డ ఒకమ్మాయి కిసుక్కున నవ్వింది. అంతే, అతనికి తల కొట్టేసినట్టయింది. గిరుక్కున వెనక్కి తిరిగి వెళ్ళిపోయి, రిపోర్టులో 'పాఠశాల మూసి ఉంది' అని రాశాడు. అబద్ధమైతే కాదు కదా!

ఆ తర్వాతి మంగళవారం ఆ రిపోర్టు పట్టుకుని ఆ అమ్మాయే ఎదురుగా కూర్చుంది. లెక్కల టీచరు, పైగా బడి మెరుగుదల కమిటీకి కన్వీనరు. ఆ ఎన్నిక జరిగిన రోజు ఆమె సెలవులో ఉంది. అందుకే ఏకగ్రీవంగా గెలిచింది.

"బడి మూసి ఉందా సార్? లోపల పాఠం చెప్తున్నది మరి నేనా, నా దెయ్యమా?"

"గేటు మూసి ఉంది కదండీ!"

"గేటుకా సార్ మీరు పాఠాలు చెప్పించేది?"

అతను గబగబా అరవై రెండు పేజీల ప్రశ్నావళి తీశాడు. ప్రతి ప్రశ్న కిందా ఒకటే మాట: 'ఆధారం జతచేయండి.'

నవ్వులాటలెలా ఉన్నా ముప్పు మాత్రం నిజమే. పిల్లల హాజరు డెబ్భై శాతం. ఏడాదిలోగా తొంభైకి తేకపోతే ఆ బడిని మూసి, ఊరవతలి బడిలో కలిపేస్తారు. అతను ప్రతి మంగళవారం వచ్చి, పిల్లలెందుకు రావడం లేదని అందరినీ అడిగాడు. టీచర్లు తల్లిదండ్రులదే తప్పన్నారు, తల్లిదండ్రులు టీచర్లదన్నారు, ఆఫీసు ఇద్దరిదీ అంది. పేజీలు మాత్రం చకచకా నిండాయి.

ఒక మంగళవారం జోరుగా వాన. అతను తడిసి ముద్దయి వచ్చాడు. ఆమె తువ్వాలు అందిస్తూ అడిగింది.

"గంట పిన్నిని అడిగారా?"

"ఆవిడకి ప్రశ్నావళిలో గడి లేదండీ."

"అయ్యో రామ! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే," అంటూ పిన్నిని కేకేసింది.

"పిల్లలు రాకపోవడమేంటి బాబూ?" అంది పిన్ని. "రోజూ గేటు దాకా వస్తారు. బస్సు ఆలస్యమైతే గేటు మూసుంటుంది, తిరిగెళ్ళిపోతారు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు?"

"తెరవమని బతిమాలొచ్చుగా వాళ్ళు!" అన్నాడతను.

లెక్కల టీచరు తాపీగా అతని వైపు చూసింది. "మొదటిరోజు మీరెందుకు బతిమాలలేదు?"

అతను తువ్వాలు మడతపెట్టాడు.

"సిగ్గేసిందండీ," అన్నాడు చివరికి. "పైగా మీరు నవ్వారు."

"అది రాయండి. ఆధారం మీరే."

పిన్ని కమిటీలో చేరింది. గేటు తొమ్మిదీ ఇరవై దాకా తెరిచే ఉంచారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను ఎవరూ ఒక్క మాటనకుండా పుస్తకాల గదిలో కూర్చోబెట్టి, రెండో పీరియడ్‌కి క్లాసుకు పంపారు. హాజరు నెలనెలా పెరిగింది.

అక్కడే చిక్కొచ్చి పడింది. తొంభై దాటి నిలిస్తే పర్యవేక్షణ ఆఖరు, ఆమెను చూసే మంగళవారాలూ ఆఖరు. "బడిని బాగుచేస్తున్నావా, నువ్వు బాగుపడుతున్నావా?" అంది ఇంట్లో అతని అమ్మ, ఇస్త్రీ చొక్కాలు లెక్కపెడుతూ. హాజరు ఒక శాతం తగ్గిన వారం అతను లోలోపల తెగ సంబరపడ్డాడు. ప్రభుత్వోద్యోగి అలా సంబరపడకూడదు. ఆ పాపానికి రాత్రి అన్నం సయించలేదు.

చివరికి హాజరు తొంభై రెండు దగ్గర నిలిచింది. బడి గట్టెక్కింది. ఆఖరి మంగళవారం ఆమె ఆఖరి ఫారం అతని ముందు పెట్టింది. అందులో చివరి గడి, 'ఇంకా మెరుగుపడవలసిన అంశం', చట్టప్రకారం ఖాళీ వదలకూడదు. ఆమె వదల్లేదు.

'పర్యవేక్షకుడు ప్రతివారం ఏదో చెప్పబోయి, హాజరు గురించి మాట్లాడి వెళ్ళిపోతున్నారు. బాధ్యులు: ఆయనే. గడువు: ఈరోజు నాలుగు గంటల బెల్లు.'

గోడ గడియారంలో రెండు నిమిషాలు తక్కువ నాలుగు.

"ఇది... ఆఫీసుకెళ్ళే కాగితమండీ!"

"మీరు సరిదిద్దుకుంటే కొట్టేస్తాను."

అతను ఫైలు తాడు విప్పి మళ్ళీ కట్టాడు. నాలుగైంది. నాలుగూ మూడైంది. బెల్లు మోగలేదు. వసారాలో సుత్తి పట్టుకుని నిలబడ్డ పిన్నిని హెడ్మిస్ట్రెస్ గదమాయిస్తోంది. "కొట్టవేం పిన్నీ?"

"గేటు దాకా వచ్చినవాణ్ణి తిరిగెళ్ళిపోనిమ్మంటారా? చెప్పనీండమ్మా, కొడతాను."

ఆ మాట విని అతను కుర్చీలోంచి లేచాడు. "మీరంటే నాకు ప్రాణమండీ. మంగళవారాలే కాదు, అన్ని వారాలూ మీరు కావాలి."

ఆమె బుగ్గలు కందాయి. అయినా తగ్గలేదు. "ఆధారం?"

అతను ఫైల్లోంచి మొదటిరోజు రిపోర్టు సొంత కాపీ తీశాడు. 'పాఠశాల మూసి ఉంది' అన్నది కొట్టేసి ఉంది. కింద అదే తేదీతో, 'గేటు లోపల ఒకమ్మాయి నవ్వింది. మళ్ళీ వెళ్ళాలి.'

ఆమె ఆ కాగితాన్ని తిరిగివ్వలేదు. మడిచి తన లెక్కల పుస్తకంలో పెట్టుకుని, "నాక్కూడా మంగళవారాలు చాలడం లేదు," అంది.

బెల్లు మోగింది. పిల్లలు హోరున బయటపడ్డారు. ఆమె మాట ప్రకారం ఆ గడిలో రాసింది కొట్టేసింది. కానీ ఖాళీ వదలకూడదు కదా! ఇద్దరూ కాసేపు ఆలోచించి, కొత్తగా రాసి, సంతకాలు పెట్టారు.

'సాయంత్రం బెల్లు ఆరు నిమిషాలు ఆలస్యమవుతోంది.'