కాశీలో వదిలిన పాట

"ఆ పాట నేను పాడను" అన్నారు పేరిశాస్త్రి గారు.

అంతే! ముత్తయిదువల చేతుల్లో పసుపు చేతుల్లోనే ఉండిపోయింది. ఉయ్యాలకి కట్టిన మామిడాకులు కూడా తలలు వాల్చేసినట్టు కనబడ్డాయి చిన్నతల్లి కంటికి... పాడనన్న పెద్దమనిషి ఆమె భర్త. ఉయ్యాలలో వేయవలసిన పసివాడు ఆమె కూతురు సావిత్రి కొడుకు, ఆ ఇంటికి తొలి మనవడు. ఇవాళ వాడి బారసాల. పాడవలసింది శాస్త్రిగారు స్వయంగా, సావిత్రి పసిపిల్లగా ఉన్నప్పుడు కట్టిన జోలపాట. తన కొడుకుని ఆ పాటతోనే, అందులోనూ తండ్రి నోటి మీదుగానే ఉయ్యాలలో వేయాలని సావిత్రి పురిటికి వచ్చినప్పటినుంచీ ముచ్చటపడుతోంది. కోనసీమలో ఎవరింట్లో ఉయ్యాల ఊగినా ఆ పాట ఊగవలసిందే. అలాంటిది, పాట పుట్టిన ఇంట్లోనే దానికి చోటు లేకపోయింది!

చిన్నతల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూలబడింది. పొగ మీద నెపం పెట్టి ఏడవడానికి ఆడదానికి అంతకన్న వీలైన చోటు ఇంట్లో ఇంకోటి లేదు కదా!

పేరిశాస్త్రి గారు వాగ్గేయకారులు. ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టి కోనసీమంతా కాలువలు తవ్వుతున్న ఆ రోజుల్లో, కొత్తపేట చుట్టుపక్కల ఆయన కీర్తనలు కూడా కాలువల్లాగే పారేవి. కాలువలకైనా నీళ్ళు ఆపే లాకులుండేవి, ఆయనకి లేవు. పాటలు కట్టడం ఆయన వృత్తి అయితే, కట్టినవాటికి పీటలు వేయడం ఆయన వ్యసనం. తన పాటలన్నిటినీ భోజనాల పంక్తిలా వరసగా కూర్చోబెట్టేవారు. పంక్తి మొదట వెండిపీట మీద పెద్ద కీర్తన. అది ఇంతవరకూ ఎవరూ ముట్టుకోని రాగంలో కట్టినది. ఎందుకు ముట్టుకోలేదో విన్నవాళ్ళకి తెలిసిపోయేది. దాని పక్కన దాని తమ్ముళ్ళు, ఆ పక్కన మంగళహారతులు, వసారాలో పెళ్ళిపాటలు. అందరికన్నా ఆఖరున, పెరట్లో అరటిచెట్టు కింద ఓ విస్తరి వేసి ఈ జోలపాట.

పంక్తి స్థిరంగా ఉన్నా చిన్నతల్లి సుఖపడేది. కచేరీ కచేరీకీ పీటలు మారిపోయేవి. ఒకసారి రామచంద్రపురంలో, ఆయనకి పోటీదారు వీణ నరసింహమూర్తి గారు ఓ కీర్తన విని వెంటనే "బాగుందండీ" అన్నారట. అంత వెంటనే బాగుందన్నాడంటే అందులో ఏదో లోపం ఉండి తీరాలని శాస్త్రిగారు తోవంతా ఆలోచించి, ఇల్లు చేరేలోగా ఆ కీర్తనని వెండిపీట మీంచి లేపి వసారాలోకి గెంటేశారు. ఆ పూట పప్పులో ఉప్పు తక్కువైంది, పచ్చడిలో కారం ఎక్కువైంది. చరణానికి పీట కదిలితే కోపం చారు మీదికి వచ్చేది! రాగం ఆయనది, రోగం ఇంటిల్లిపాదిదీ. తాళం ఆయన తొడ మీద వేసుకుంటే, ఆవిడ నోటికి వేసుకునేది.

ఎన్ని పీటలు మారినా జోలపాట మాత్రం పెరడు దాటలేదు. సావిత్రి పొత్తిళ్ళలో ఉండగా కడుపునొప్పితో గుక్కపట్టి ఏడ్చేది. శాస్త్రిగారు అప్పుడు పెద్ద కీర్తన కడుతున్నారు. ఒక పక్క రాగం, ఇంకో పక్క పిల్ల మొండికేస్తే విసిగిపోయి, కీర్తన అవతల పారేసి, ఉయ్యాల పక్కన చతికిలబడి, గోదావరి లంకనీ రేవునీ కలిపి నోటికొచ్చింది పాడేశారు.

"లంకలో ఇసుక నిదరోయె, రేవులో పడవ నిదరోయె, నీకేమె నిదర రాదు నా చిట్టితల్లీ..."

పిల్ల నిద్రపోయింది. పాడుతూ పాడుతూ ఆయనా నిద్రపోయారు. మేలుకుని ఉన్న చిన్నతల్లి ఆ పాటని గుండెల్లో దాచుకుంది. ఆవిడ దగ్గర పక్కింటివాళ్ళూ, వాళ్ళ దగ్గర బండారులంక నేతగత్తెలూ, వాళ్ళ దగ్గర పడవలవాళ్ళ ఆడవాళ్ళూ నేర్చుకున్నారు. ఎవరైనా మెచ్చుకుంటే శాస్త్రిగారికి ఒళ్ళు మండేది. దానికి ముక్కూ మొహం లేవనేవారు. దాని ముక్కూ మొహం మన సావిత్రివేనండీ అని చిన్నతల్లి లోలోపలే అనుకునేది...

కిందటేడు ఆ దంపతులూ, శాస్త్రిగారి అక్కగారు సోదెమ్మ గారూ కాశీ వెళ్ళి వచ్చారు. కాశీకి వెళ్ళినవాళ్ళు గంగలో నిలబడి తమకి ప్రాణమైనదొకటి వదిలి రావాలి కదా. ఇక జన్మలో దాన్ని ముట్టకూడదు. చిన్నతల్లి పనసకాయ వదిలింది. కోనసీమలో పుట్టి పనసపొట్టు కూర వదలడమంటే సన్యాసానికి ఒక్క మెట్టు కిందే! సోదెమ్మ గారు కాకరకాయ వదిలారు. ఆవిడ బుద్ధెరిగిన తరవాత కాకరకాయ నోట పెట్టిన పాపాన పోలేదు. ఆ చేదు పేరు చెపితేనే మొహం తిప్పేసుకునేవారు. శాస్త్రిగారు పెదవులు కదిపారు గాని ఏం వదిలారో ఎవరికీ వినబడలేదు. తిరిగొచ్చి సమారాధన చేసినప్పుడు ఊరంతా అడిగితే, ఒక పాట వదిలానన్నారు. ఏ పాటో చెప్పలేదు.

అది ఇవాళ తెలిసింది.

అయితే తన బిడ్డ పాటనా! పంక్తిలో పనికిరానిదని పెరట్లో కూర్చోబెట్టి, పెట్టినచోటైనా ఉండనివ్వకుండా గంగలో కలిపి వచ్చారా! చిన్నతల్లి కళ్ళు ధారలు కట్టాయి... ఇంతలో సోదెమ్మ గారు వంటింట్లోకి వచ్చి సోది మొదలుపెట్టారు. కాయగూర నోటితో తినేది గనక వదిలినవాడి ఎదట ఇంకొకరు తిన్నా దోషం లేదట. పాట చెవితో తినేదట. కాబట్టి తమ్ముడి చెవిని పడేలా ఎవరు పాడినా వ్రతభంగమేనట. ఇక ఈ గడపలో ఆ పాటకి నీళ్ళు వదులుకోవలసిందేనట. పోనిద్దూ, జోలపాటలకేం కరువా, ఇంకేదైనా పాడించుకోమని ఓదార్చారు కూడా.

ఆ ఓదార్పుతో చిన్నతల్లి లేచింది. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఎన్ని పీటలు మారినా తల వంచుకుని వడ్డించిన మనిషి, వీధి వసారాలో ఉన్న భర్తని పెరట్లోకి పిలిపించింది.

"మీ అక్కగారు కాకరకాయ వదిలేరు. మీరు నా బిడ్డ పాట వదిలేరు. ఒక తల్లి పిల్లలే అనిపించుకున్నారండీ" అంది.

"కాకరకాయా?" అన్నారు శాస్త్రిగారు, దెబ్బ తగిలినట్టు.

"కాదా మరి? అక్కర్లేనిది దేవుడికి అంటగట్టి వచ్చేరు. నా మనవడు ఊళ్ళోవాళ్ళ పాటతో నిద్రపోవాలి."

ఆయన ఉత్తరీయం చెంగు మెలిపెడుతూ గొంతు తగ్గించి చెప్పారు. మోకాలి లోతు గంగలో నిలబడితే పక్కన సంకల్పం చెప్పించే పండా తొందరపెడుతున్నాడట. ప్రాణమైనది కదా వదలాలి, వెండిపీట మీది పెద్ద కీర్తనే వదిలేద్దామని మనసులో అనుకున్నారట.

"ఎంత తేలిగ్గా వచ్చేసిందో తెలుసునా? పైపంచ తీసినట్టు వచ్చేసింది. నాకు భయమేసింది. దాని పక్కదీ అంతే. ఆ పక్కదీ అంతే. పంక్తిలోవన్నీ విస్తళ్ళు మడిచి లేచిపోతున్నాయి, నాకు చీమ కుట్టినట్టయినా లేదు. ఆఖరికి పెరట్లోది గుర్తొచ్చింది. నోరు పెగల్లేదే, చిన్నతల్లీ. అందుకని అదే వదిలేను."

"ప్రాణమని తెలిసీనా?"

"ప్రాణమైనదే కదా అడిగేడు విశ్వనాథుడు. ఆయన్నీ మోసం చేస్తే అక్కయ్యకీ నాకూ తేడా ఏముంది?"

తలుపు వెనక సోదెమ్మ గారు దగ్గారు.

చిన్నతల్లికి ఏడుపు ఆగలేదు గాని, ఆ ఏడుపుకి రాగం మారింది. మరి ఇన్నేళ్ళూ దాన్ని పెరట్లో ఎందుకు కూర్చోబెట్టారని అడిగింది.

"పెద్ద కీర్తనకి చెమటోడ్చేను. చెమటకల్లా పెద్దపీట వేసేను. ఇది ఊరికే వచ్చింది. పిల్ల ఏడుపు శ్రుతి ఇచ్చింది, నువ్వూపిన ఉయ్యాల తాళం వేసింది. అందులో నా గొప్పేముంది? ఇన్ని రాగాలు మథించి, నా మొదటి పీట జోలపాటదని ఆ నరసింహమూర్తి ఎదట ఎలా చెప్పుకోను?"

ఆ నరసింహమూర్తి గారు అప్పుడు వీధి వసారాలోనే ఉన్నారు, పిలుపు మీద బారసాలకి వచ్చి, తాంబూలం నములుతూ. మనవడు లోపల ఏడుపు లంకించుకున్నాడు. "తన పాట మీకు అక్కర్లేదనే అనుకుంటోందండీ సావిత్రి" అంది చిన్నతల్లి, అంతే.

శాస్త్రిగారు వీధి వసారాలోకి నడిచారు. ఉరికంబం ఎక్కేవాడు కూడా అంత నెమ్మదిగా నడవడేమో! అందరి ఎదటా నిలబడి, తాను కాశీలో వదిలింది ఈ జోలపాటేననీ, తన పాటలన్నిటిలోకీ మొదటి పీట దానిదేననీ, పెద్ద కీర్తన దాని కాలిగోటికి చాలదనీ చెప్పేశారు. చెప్పి, నరసింహమూర్తి గారి నవ్వు కోసం కళ్ళు మూసుకున్నారు.

నవ్వు రాలేదు. తాంబూలం నమలడం ఆగింది.

"ఆయ్. నేనింకా కాశీ వెళ్ళకపోవడానికి కారణం అదేనండి" అన్నారు నరసింహమూర్తి గారు. "మా అమ్మాయి అట్లతద్దికి ఉయ్యాల ఎక్కుతుంటే ఓ చిన్నపాట కట్టేను లెండి. ఎవరికీ చెప్పలేదు."

ఇన్నేళ్ళూ ఒకరి స్వరాలు ఒకరు తప్పుపట్టిన ఆ ఇద్దరూ, పిల్లల్ని ఇచ్చి పుచ్చుకున్న వియ్యంకుల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు... ఈలోగా సోదెమ్మ గారు వత్తులు చేసుకునే పత్తి పట్టుకొచ్చారు. పాట చెవితో తినేదైనప్పుడు చెవులకి మూత పెడితే సరిపోతుందని తన తీర్పుని తనే తిరగరాశారు. మళ్ళీ కాశీ వెళితే ఈసారి మామిడిపండు వదిలేస్తానని కూడా అందరిలో ప్రకటించారు. ఆ వయసులో మళ్ళీ కాశీ వెళ్ళే ప్రమాదం లేదన్న ధైర్యం ఆవిడది!

శాస్త్రిగారు రెండు చెవుల్లోనూ పత్తి కుక్కుకుని ఉయ్యాల ఎదటి స్తంభానికి చేరబడ్డారు. సావిత్రి కొడుకుని ఉయ్యాలలో పడుకోబెట్టి, తల్లి వంక చూసింది. నలుగురిలో ఎన్నడూ గొంతెత్తని చిన్నతల్లి, ఆ పూట ఎత్తింది. శాస్త్రిగారు ఆమె పెదవులనే చూస్తూ, తొడ మీద వేలితో తాళం వేస్తున్నారు. లంకలో ఇసుక నిద్రపోయింది, రేవులో పడవ నిద్రపోయింది, మనవడూ కళ్ళు మూశాడు.

"చిన్నతల్లీ, చరణం పరిగెడుతోందే" అన్నారు శాస్త్రిగారు.

చెవుల్లో పత్తి ఉన్నవాడికి తన గొంతెంతో తనకేం తెలుస్తుంది! ఆ కేక వీధి మలుపుదాకా వెళ్ళింది. పసివాడు ఉలిక్కిపడి గుక్కపట్టాడు. ముత్తయిదువలు విరగబడి నవ్వారు. పాట మళ్ళీ పల్లవి దగ్గర ఎత్తుకోవలసి వచ్చింది. శాస్త్రిగారి మొహంలో పశ్చాత్తాపం వెతికినా దొరకలేదు. వేలు తొడ మీద ఆనించి, ఆవిడ పెదవులు ఎప్పుడు కదులుతాయా అని పసిపిల్లాడిలా ఎదురుచూస్తున్నారు.

చిన్నతల్లి కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. ఈసారి చరణం దగ్గరికి వచ్చాక, కావాలనే కాస్త పరిగెత్తించింది.