ఒకటి, ఒకటి, ఎనభై

"ఆ కంప్యూటర్ని చూస్తే నీకు కడుపులో తిప్పుతుంది," అన్నాడు కల్నల్ ఫ్రాన్సిస్. "కానీ నలభై రెండు ప్రాణాలు దాని మీదే ఉన్నాయి."

మద్రాసులో బోర్డు లేని ఆఫీసు అది. 1988 నవంబరు ఆరు, ఆదివారం. ఎదురుగా కూర్చున్న సీక్రెట్ ఏజెంట్ రాజారత్నం చొక్కా మీద ముడత లేదు, గోళ్లలో మట్టి లేదు. హాంకాంగ్‌లో ముగ్గుర్ని మట్టి కరిపించాక కూడా చేతులు సబ్బుతో కడుక్కుని గానీ ప్లేనెక్కని మనిషి.

"ఎక్కడ సార్?"

"యానాం. రేవు సర్వే ఆఫీసు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి మన షిప్ 'సాగర దీపిక' గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వస్తుంది. అందులో కొత్త సోనార్ ఉంది. అప్పటిదాకా రేడియో సైలెన్స్. పన్నెండుకి యానాం నుంచి ఒకే ఒక్క మెసేజ్ వెళ్తుంది, మొగలో నీటి లోతు ఎంత అని. పద్నాలుగు అడుగులుంటే లోపలికి. లేకపోతే వెనక్కి."

"లోతు లెక్క కట్టేది కంప్యూటరా?"

"అవును. బ్లూ యాంకర్ ముఠా దాని డిస్కులో లాజిక్ బాంబు, అంటే ఒక దొంగ ప్రోగ్రాం, పెట్టిందని టిప్. శుక్రవారం కంప్యూటర్ అబద్ధం చెబుతుంది. షిప్ ఇసుక మేట ఎక్కి ఒరిగిపోతుంది. సాయం పేరుతో విదేశీ ట్రాలర్ ఒకటి వచ్చి సోనార్ ఎత్తుకుపోతుంది."

"డిస్కు మార్చేస్తే సరి."

"ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి వెర్షన్ డిస్కు దేశంలో ఇంకెక్కడా దొరకట్లేదు. వెతికించాను."

టిప్ ఇచ్చింది తెరేసా. మన మనిషే. కనకాలపేటలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. రాజారత్నం వేషం, మద్రాసు నుంచి వచ్చిన సర్వీస్ ఇంజనీర్ జేవియర్. కోడ్ వర్డ్, "పులస దొరుకుతుందా?"

కోడ్ రాసినవాడికి గోదావరి సంగతి తెలీదని యానాంలో బస్సు దిగిన ఐదు నిమిషాలకే తేలిపోయింది. వానాకాలం చేప పులసని నవంబరులో అడిగిన మనిషిని చూసి బస్టాండంతా నవ్వింది. తెరేసా మాత్రం నవ్వలేదు. లేత నీలం పట్టుచీర, మల్లెల సెంటు, తెల్లటి చేతిరుమాలు. ఈ ఊళ్లో తనలాగా శుభ్రంగా ఉన్న ప్రాణి ఒకటుందని రాజారత్నం మనసు కుదుటపడింది.

ఆఫీసులోకి అడుగుపెట్టాక ఆ కుదురు కాస్తా పోయింది.

ఛీ, అదొక కంప్యూటరా? ఒకప్పుడు తెల్లగా ఉండేదట. ఇప్పుడు పాత పళ్లసెట్టు రంగు. తెర నెత్తిన కుంకుమ బొట్టు, పక్కన అగరొత్తుల బూడిద, కీబోర్డు సందుల్లో కారప్పూస. ఒక మీట నొక్కితే కిందనుంచి బొద్దింక వచ్చి, ఎవరు పిలిచారన్నట్టు చూసి, మళ్లీ లోపలికి పోయింది. కిటికీలోంచి ఎండుచేపల వాసన. అన్నిటికన్నా ఘోరం గోడకి వేలాడుతోంది. ఫ్లాపీ డిస్కులకి పంచింగ్ మిషనుతో బెజ్జాలు పొడిచి, ట్యాగు కట్టి ఫైలు చేశారు.

"పాడైపోవా ఇవి?" అన్నాడు రాజారత్నం.

"పాడైపోయినియ్యేనండి," అన్నాడు ఆపరేటర్ వెంకటరాజు, లుంగీ కట్టుకోనందుకు బాధపడుతున్నట్టున్న నలభై ఐదేళ్ల మనిషి. "రికార్డు రికార్డే కదండి. పారేయకూడదండి."

"కొత్త కంప్యూటర్ అడగలేదా?"

"మూడేళ్లయిందండి అడిగి. ఫైలు పాండిచ్చేరి ఎల్తది, వస్తది. ఎల్లినప్పుడల్లా లావెక్కి వస్తదండి."

వెంకటరాజు స్విచ్చి వేశాడు. కంప్యూటర్ మూలిగింది, దగ్గింది, ఆరు నిమిషాల తర్వాత తెర మీద ఆకుపచ్చ అక్షరాలు చూపించింది. ఈ రోజు తేదీ ఒకటి, ఒకటి, ఎనభై అంటోంది. కొత్త తేదీ వేయమంటోంది. వెంకటరాజు దాని వంక కూడా చూడకుండా ఎంటర్ కొట్టాడు.

"తేదీ వెయ్యవా?"

"మొదట్లో ఏసేవోణ్ణండి. పదహారో తారీఖని రోజు ముందేసి కొడితే తప్పంటదండి. నెల ముందెయ్యాలంట. అలా ఏ ఊళ్లో రాత్తారండి? మానేశానండి."

"మరి నీటి లెక్క?"

"దానికి తారీఖుతో పనేంటండి? తిథి అడుగుద్ది, తిథి కొడతానండి. సముద్రం పోటూ పాటూ చంద్రుణ్ణి బట్టి కదండి."

"అంటే ఈ మిషను ఎన్నాళ్లుగా 1980లో ఉంది?"

"వచ్చిన కాణ్ణించీనండి. ఐదేళ్లవుద్ది."

రోత పుట్టింది రాజారత్నానికి. ప్రపంచం శాటిలైట్లు ఎగరేస్తుంటే ఐదేళ్లుగా రోజూ పొద్దున్నే జనవరి ఒకటి చేసుకుంటున్న ఆఫీసిది. అతని వృత్తిలో తేదీ తప్పితే మనుషులు చచ్చిపోతారు. స్పిరిట్ తెప్పించి మీటలన్నీ తుడిచాడు. బొద్దింకల్ని దులిపాడు. తన చేత్తోనే తేదీ సరిచేశాడు. సాయంత్రం ఆపేస్తే మర్చిపోయే మొద్దు మిషను కాబట్టి పని ఉన్న ప్రతి పొద్దునా మళ్లీ వేశాడు. నెల ముందు, రోజు తర్వాత అని అట్టముక్క మీద రాసి తెరకి అతికించాడు. వెంకటరాజుని బడిపిల్లాణ్ణి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి రోజుకి పదిసార్లు కొట్టించాడు.

"ఈ చాదస్తం ఎందుకండి," అని గొణిగేవాడు వెంకటరాజు. "ఆ ఓడ నడిపే పైలట్టు మా అక్క మొగుడండి. అమ్మన్న బావ. లోతు తేడా వస్తే నా కంటే ఎవరికండి బాధ? నేనేసే తిథి తప్పదండి."

బాంబు మాత్రం దొరకలేదు. అంత పాత సిస్టమ్‌లో వెతకడానికి పనికొచ్చే సాధనం ఒక్కటీ లేదు. శుక్రవారం వచ్చేసింది. పొద్దున్నే పదకొండు, పదకొండు, ఎనభై ఎనిమిది అని వేసి కూర్చున్నాడు రాజారత్నం.

పదకొండుంబావుకి తెరేసా వచ్చింది. "దొరికింది. రికార్డు రూములోకి రండి," అంది మెల్లగా.

లోపలికి వెళ్లగానే గడియ వేసింది. హ్యాండ్‌బ్యాగులోంచి రుమాలు తీస్తుందనుకున్నాడు. పిస్టల్ తీసింది.

"పన్నెండు దాటేదాకా మీరు ఆ తెర చూడకూడదు. ముందు ఆ పెన్ను కింద పడెయ్యండి. అందులో గ్యాసుందని నాకు తెలుసు."

పెన్ను కింద పడేశాడు.

"టిప్ ఇచ్చింది నువ్వే కదా?"

"మిమ్మల్ని రప్పించడానికి. ట్రైనింగ్ పేరుతో నన్ను ఒక్కరోజే ఆ గదిలోకి రానిచ్చారు. బాంబు ఎక్కించాను. అది మిషను తేదీ చూసి పేలుతుంది. ఈ రోజు తేదీ కనబడితే లోతు పద్దెనిమిది అడుగులంటుంది. తర్వాత తెలిసింది, ఆ మహానుభావుడు తేదీ వెయ్యడని. ఎన్నిసార్లు చెప్పించినా వినడే. అది చూసి తట్టుకోలేని మనిషొకడు కావాల్సొచ్చింది. మీ ఫైలు చదివాను, జేవియర్ గారూ. రోజుకి ఎనిమిది సార్లు చేతులు కడుక్కుంటారట."

రాజారత్నానికి జీవితంలో మొదటిసారి తన మీద తనకే అసహ్యం వేసింది. నలభై రెండు మందిని ఇసుకలో ముంచడానికి బొద్దింకల్ని తోలి మరీ దారి శుభ్రం చేశాడు తను.

పదకొండూ నలభైకి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. గోడ అవతల కంప్యూటర్ చల్లారింది. పదకొండూ నలభై ఎనిమిదికి కరెంటు వచ్చింది, మిషను మూలగడం మొదలుపెట్టింది.

తెరేసా చెదరలేదు. "నాలుగు రోజులు బాగా నేర్పారుగా. వేస్తాడు లెండి."

వెంటిలేటర్లోంచి వెంకటరాజు గొంతు వినబడింది. "జేవియర్ గారండి, తేదీ అడుగుతుందండి."

తెరేసా పిస్టల్‌ని అతని మెడకి ఆనించింది. "వెయ్యమని చెప్పండి."

రాజారత్నం గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. నాలుగు రోజులు తిట్టిన తిట్లన్నీ దిగమింగాడు.

"వెంకటరాజూ, తేదీ వెయ్యకు. ఉత్త ఎంటర్ కొట్టు."

అని అరుస్తూనే పక్కకి వంగి చేతికందిన ఫైలు అడ్డం పెట్టాడు. పిస్టల్ పేలింది. ఫైలు గుండెకి గుద్దుకుంది గానీ గుండు బయటికి రాలేదు. రెండో గుండుకి ఆమెకి టైమివ్వలేదు. ర్యాకు పట్టి లాగాడు. మూడేళ్ల ఉత్తరప్రత్యుత్తరాలు, చెదలు, ఎలుకల లద్దెలు, అన్నీ కలిసి తెరేసా పట్టుచీర మీద కూలాయి. పిస్టల్ ఎక్కడో అడుగున పడింది. ఆమె తుమ్ముతూనే ఉంది, అతను చేతులు కట్టేశాడు.

బయటికి పరిగెత్తాడు. గడియారంలో సరిగ్గా పన్నెండు. తెర మీద తేదీ ఒకటి, ఒకటి, ఎనభై. కింద విదియ. లోతు తొమ్మిది అడుగులు.

వెంకటరాజు అప్పటికే మైకు పట్టుకుని ఉన్నాడు. "తొమ్మిదే బావా. రావద్దు. ఎనక్కెల్లిపో."

అవతల గరగర శబ్దం. తర్వాత అమ్మన్న గొంతు, "సరే, తిప్పేత్తన్నాం."

రాజారత్నం అదే మురికి కుర్చీలో కూలబడ్డాడు, తుడుచుకోలేదు.

"నా కేక వినబడిందా?"

"కేకేంటండి? టపాకాయ మోతే వినబడిందండి, దీపావళిది మిగిలిందనుకున్నాను. తేదీ అడిగింది, మీరు పలకలేదు, నేను ఎంటర్ కొట్టేశాను. ఆ నెల ముందు, రోజెనక గోల మీరున్నప్పుడేనండి," అని తల గోక్కున్నాడు.

రాజారత్నం చేతిలోని ఫైలు చూసుకున్నాడు. గుండు నూట పన్నెండో పేజీ దగ్గర ఆగింది. అట్ట మీద 'కొత్త కంప్యూటర్ మంజూరు గురించి' అని ఉంది. గుండుతో సహా దాన్ని ర్యాకులో పెట్టేశాడు.

రిపోర్టు అదే మిషను మీద కొట్టి మద్రాసు పంపాడు. సోమవారం కల్నల్ ఫోను చేశాడు.

"శభాష్. కానీ నీ రిపోర్టు మీద 1980 జనవరి ఒకటి అని ఉందేమిటి?"

"సరైన తేదీయే సార్," అన్నాడు రాజారత్నం. "దయచేసి ఎవరూ దిద్దకండి."