ఏడో మాట

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు!

బడి బస్సు పిల్లల్ని దించి మలుపు తిరిగిపోయిన ఘడియ... పెద్దవాళ్లింకా పని నుంచి రాని ఘడియ... క్షుద్రోపాసకులకు ఒకప్పుడు అర్ధరాత్రి కావలసి వచ్చేది. ఇప్పుడు ఈ రెండు గంటల ఖాళీ చాలు!

కిటికీలకు నల్లగుడ్డ కట్టిన ఒక గదిలో మాంత్రికుడు బాసింపట్టు వేసి కూర్చున్నాడు. ఎదుట రక్తవర్ణపు ముగ్గు. ముగ్గు నడుమ కపాలం. కపాలం పక్కన వెలుగుతున్న కంప్యూటర్. అతని గురువు ఒక ప్రాణిని వశం చేసుకోవాలంటే తల వెంట్రుక కోసం గోడలు దూకేవాడు, పాదధూళి కోసం గుమ్మాల దగ్గర పొంచి ఉండేవాడు, కుక్కల చేత కరిపించుకునేవాడు. శిష్యుడికి ఆ యాతన లేదు. పిల్లలు ఫోన్లలో ఆడుకునే ఒక ఆటలో దూరాడు. పన్నెండేళ్ల ఆడపిల్ల బొమ్మ తగిలించుకుని, "గువ్వక్క" అని పేరు పెట్టుకున్నాడు. అంతే... పిల్లలే అన్నీ తెచ్చి అతని ఒళ్లో పోశారు!

మొదట పేరు అడిగేవాడు. తర్వాత పుట్టినరోజు. ఆపైన ముఖం, గొంతు, ఇంటి గుమ్మం ఫొటో... ఆరోది, మనసులో దాచుకున్న ఒక బాధ. ఆరూ అందాక ఏడో మాట.

"ఇదంతా ఎవరికీ చెప్పనని ఒట్టెయ్."

ఒట్టు పడగానే ఆ బిడ్డ పేరు కపాలం మీద ఎర్రగా తేలేది! ఏడో సాయంత్రం పొద్దు కుంగేలోగా ఆ బిడ్డ తనంతట తానే గుమ్మం దాటి, పిలుపు వినిపించిన దిక్కుకు నడిచి వచ్చేది. ఇప్పటికి నలుగురు వచ్చారు. పక్క గదిలో రెప్ప వెయ్యకుండా గోడకు చేరబడి ఉన్నారు.

కపాలం మీద ఇప్పుడు అయిదో పేరు. తాళాలాయన కూతురు. పదకొండేళ్లు. ఈ సాయంత్రమే ఏడోది!

తాళాలాయన అంటే రోడ్డు వారన చిన్న కొట్లో తాళాలు బాగుచేసి, మారుతాళాలు చేసిచ్చే మనిషి. లోకంలో ఏ ఆపదకైనా అతనికి తెలిసిన మందు తాళమే. రెండు నెలల కిందట కూతురు ఫోన్‌లో ఏదో భయంకరమైన వీడియో చూసి, ఏడుస్తూ వచ్చి అతనికే చెప్పింది. అతను ఆ క్షణమే ఫోన్ లాక్కుని, స్వయంగా చేసిన ఇనప పెట్టెలో పెట్టి నెల రోజులు తాళం వేశాడు. "ఇలాంటిది ఇంకొక్కసారి నా చెవిన పడిందో, జన్మలో నీకు ఫోన్ ఉండదు!" అన్నాడు.

ఆ పిల్లకు బాగా అర్థమైంది. చెవిన పడకూడదు!

ఆరు రోజులుగా పిల్ల అన్నం ముట్టలేదు. అద్దంలో చూసుకోలేదు. సాయంత్రమయ్యేసరికి ఫోన్‌లో గుడ్లగూబ అరుపు మోగేది... వెంటనే పిల్ల గొంతులోంచి ఎవరిదో మగగొంతు పలికేది! ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే తల్లి పరీక్షలన్నీ చేయించింది. ఏ జబ్బూ లేదన్నారు. ఫోన్ వెతికితే ఒక్క వాక్యం దొరికింది, గువ్వక్క పంపినది... "ఒట్టు మరిచిపోకు."

ఆ వాక్యం పట్టుకుని ఆమె తిరగని చోటు లేదు. ఆటల కంపెనీకి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి, "మీ ఫిర్యాదు మాకు ఎంతో ముఖ్యం" అని పెట్టేశారు. బడిలో "ఫోన్ ఇచ్చింది మీరే కదమ్మా" అన్నారు. పోలీసు స్టేషన్లో రాసుకునే ఆయన కలం తీసి అడిగాడు.

"ఏం పోయింది?"

"మా అమ్మాయి."

"మీ పక్కన నిలబడిందెవరు మరి?"

"ఈ పిల్లేనండీ. కానీ ఇందులో మా పిల్ల లేదు."

ఆయన కలం మూత పెట్టేశాడు. బెంచీ మీద కూర్చున్న ఒక ముసలమ్మ మాత్రం జరిగి పిల్లకు చోటిచ్చింది. ఆ ఆరు రోజుల్లో వాళ్లకు దొరికిన సాయం అదొక్కటే.

అయిదుంబావు. ఆకాశం సీసంలా నల్లబడింది. ఉరుము...! తలుపుకు నాలుగు కొత్త తాళాలు బిగించి, ఫోన్ ఇనప పెట్టెలో పెట్టి, తాళాలాయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పెట్టెలోంచి గుడ్లగూబ అరిచింది! పిల్ల మంచం దిగింది. కళ్లు తెల్లగా తిరిగిపోయాయి.

"తప్పుకోరా తాళాలోడా!" మగగొంతు హుంకరించింది. "దొంగలా వచ్చాననుకున్నావా? నీ కూతురే తలుపు తీసి రమ్మంది!"

"ఏం చెప్పావే వాడికి?" తండ్రి పిల్లను కుదిపేశాడు. "ఎన్నిసార్లు మొత్తుకున్నాను!"

టప్పుమని మొదటి తాళం ఊడి పడింది!

"సిగ్గులేదూ నీకు? బుద్ధుందా?"

రెండోది... ఆ వెంటనే మూడోది! మాంత్రికుడి వికటాట్టహాసానికి గోడలు కంపించాయి. తండ్రి మళ్లీ నోరు తెరవబోయాడు. తల్లి చటుక్కున ఆ నోరు మూసింది.

"ఏవండీ... మీరు అరిచినప్పుడల్లా ఒకటి ఊడుతోంది. ఒక్కటే మిగిలింది!"

"అయితే ఏం చెయ్యమంటావే? ఇంకేం చెయ్యను!"

"మన పిల్ల వాడికి భయపడి నోరు మూసుకోలేదు. మీకు."

ముప్పయ్యేళ్లుగా వందల ఇళ్ల తలుపులు తెరిచిన మనిషి మెల్లగా నేల మీద కూలబడ్డాడు. ఇనప పెట్టె తాళం తీసి, ఫోన్ కూతురి చేతిలో పెట్టాడు.

"మూర్ఖుడా! నా దారి నాకే ఇచ్చావు!" గొంతు గర్జించింది.

తండ్రి దాన్ని పట్టించుకోలేదు. "ఇది నీదేనమ్మా. ఏం చెప్పినా తీసుకోను. తిట్టను. తప్పు నీది కాదు. నాతో చెప్పు."

నాలుగో తాళం గిలగిల కొట్టుకుంది. పిల్ల పళ్లు పెదవిని కొరికాయి. నెత్తురు చిమ్మింది. అప్పుడు, ఎక్కడో లోతుల్లోంచి, సన్నటి సొంత గొంతు...

"నాన్నా... గువ్వక్క అడిగితే... నాన్నంటే భయమని చెప్పాను."

"నిజమే చెప్పావు తల్లీ. తర్వాత?"

ఒట్టు తెగింది!

నల్లగుడ్డల గదిలో కపాలం మాంత్రికుడి వైపు గిర్రున తిరిగింది! బలి తప్పిన క్షుద్రశక్తి ఆకలితో భగ్గుమంది. అతను మంత్రం అందుకోబోయాడు. కానీ మంత్రంలో తన పేరు పలకాలి... పేరు గుర్తు రాలేదు! ఏ రోజున పుట్టాడో గుర్తు రాలేదు. నల్లబడ్డ తెరలో చూసుకుంటే ముఖం లేదు! కేక పెట్టబోతే గొంతు లేదు! పిల్లల దగ్గర ఏమేం తీసుకున్నాడో అన్నీ అతని దగ్గర నుంచి వరసగా పోయాయి. చివరికి ముగ్గు మీద పిడికెడు బూడిద మిగిలింది. పక్క గదిలో నలుగురు పిల్లలు ఒక్కసారి రెప్పలు వేసి, "అమ్మా!" అని తలుపులు బాదారు. వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది.

ఇక్కడ, తాళాలాయన ఇంట్లో, పిల్ల ఇంకా చెబుతూనే ఉంది. ఏ ఫొటో ఎప్పుడు పంపిందో, ఏ రోజు వద్దనిపించిందో, ఎందుకు మానలేకపోయిందో... మధ్యమధ్య ఆగి తండ్రి ముఖంలోకి చూస్తోంది. కోపం అతని గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. ప్రతిసారీ మింగుతున్నాడు.

"ఇంకా ఉందా అమ్మా?"

"చాలా ఉంది నాన్నా."

"చెప్పు."

పొద్దు కుంగిపోయింది. లైటు వెయ్యాలని ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.