కొండ పూసిన నీలం

"చేపల దొంగల్ని చాలామందిని చూశాను గానీ, సీసా పట్టుకొచ్చిన దొంగని ఇప్పుడే చూస్తున్నా!"

వెనకనుంచి ఆ గొంతు వినబడేసరికి ఆమె ఉలిక్కిపడింది. మోకాలిదాకా చెరువులో దిగి సీసాలోకి నీళ్ళు పడుతోందేమో, కాలు జారి నడుందాకా దిగబడింది. సీసాని మాత్రం పసిపిల్లని ఎత్తుకున్నట్టు పైకెత్తి పట్టుకుంది.

"నీళ్ళు తీసుకుంటున్నాను, చేపల్ని కాదు!" అంది ఒళ్ళుమండి.

"నీళ్ళూ నావేనండీ. చేపలకి అద్దెకిచ్చాను."

గట్టుమీది యువకుడు నవ్వు ఆపుకుంటూ చెయ్యి చాచాడు. ఆమె ముందు సీసా అందించింది, తర్వాత చెయ్యి. బురద కారుతూ పైకొచ్చి తనెవరో చెప్పింది. పాత గనివాళ్ళు పారబోసిన రాళ్ళగుట్టల్లోంచి నీళ్ళలోకి ఏ విషాలు దిగుతున్నాయో కనిపెట్టే జియాలజిస్టు. వేసవి మొదట్లో వచ్చి, మూతబడ్డ గని ఆఫీసులోనే ఒక గదిలో ఉంటోంది.

"అంటే రాళ్ళ డాక్టరన్నమాట! అయితే మా చేపలకీ కాస్త మందు చెప్పండి. ఏటా ఒకటే జబ్బు."

వేళాకోళంగానే మొదలుపెట్టాడు గానీ, చెబుతున్నకొద్దీ ముఖంలో నవ్వు పోయింది. గనివైపు నుంచి వచ్చే వాగుకి అడ్డంగా కట్ట వేసి అతని తండ్రి చేసిన చెరువది. వేసవంతా చేపలు కొవ్వెక్కి గంతులేస్తాయి. మొదటి వాన పడుతుంది. తెల్లారి చూస్తే పొట్టలు పైకి తేలి ఉంటాయి. కొన్నేళ్ళుగా ఇదే తంతు.

"ఈసారీ పోయాయంటే కట్ట తెగ్గొట్టేసి, మా బావ దగ్గరికి లారీ తోలడానికి పోతానండీ. అమ్మకి మాటిచ్చేశాను."

ఆమె చేతిలోని సీసా వంక చూసుకుంది. ఈ వాగు నీళ్ళని ఎన్నిసార్లు పరీక్షించినా ఏ దోషమూ కనబడలేదు. వానకి ముందు నిర్దోషి, వాన తర్వాత హంతకురాలు. మధ్యలో ఏం జరుగుతోంది?

ఆ రోజు నుంచి చేపలబ్బాయికి గనివైపు ఎక్కడలేని పనులూ పుట్టుకొచ్చాయి. ఒకసారి తాడు పోయిందన్నాడు, ఒకసారి మేక పోయిందన్నాడు.

"మీకు మేకలున్నాయా?" అంది ఆమె.

"లేవండీ. అందుకే దొరకడం లేదు."

ఆమె పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. గుట్టమీంచి ఒక రాతిముక్క తీసి, కంటికి ఆనించుకునే చిన్న భూతద్దంతో పాటు అతని చేతికిచ్చింది. అతను ఒక కన్ను మూసి చూశాడు. బూడిదరంగు రాతి మధ్యలో, అరిచి పిలిచినట్టు మెరిసే పసుపుపచ్చని గళ్ళు. పాచికల్లా పలకలు తీరి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉన్నాయి.

ఈ గుట్టలమీదికి వచ్చిన ప్రతివాడూ ఆమెని అడిగే మాట ఒకటే, ఇది బంగారమేనా అని. ఇతను అడగలేదు. రాయిని వెలుగుకి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు చెక్కారండీ?" అన్నాడు చివరికి, గుసగుసగా.

"ఎవరూ చెక్కలేదు. చీకట్లో, దానంతటదే అలా పెరిగింది."

"ఎవరూ చూడకపోయినా ఇంత ముస్తాబా!"

ఆ మాటకి ఆమె అతనివైపు కొత్తగా చూసింది. చదువుకునే రోజుల్లో తొలిసారి భూతద్దంలో చూసినప్పుడు తను అనుకున్నదీ అదే. ఎవరితోనూ అనలేదంతే.

"ముస్తాబు చూసి మోసపోకండి. మీ చేపల శత్రువు ఇదే. భూమిలో ఉన్నంతకాలం బుద్ధిగా ఉంటుంది. బయటికి తీసి పారేస్తే గాలికీ తేమకీ కుళ్ళి, కత్తిలాంటి పుల్లటి నీరు కారుస్తుంది. ఆ నీరు వేసవంతా ఎక్కడ నక్కుతోందో దొరకడం లేదు."

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం ఆమె గుట్టలన్నీ తిరిగి, ఏమీ దొరక్క, సోలిపోయి గదిలో కూర్చుంది. తలుపు చప్పుడైంది. చేపలబ్బాయి చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. ముఖం మాత్రం ఎండకి నలిగిపోయి ఉంది.

"మీకోసం పూలు తెచ్చానండీ," అని టిఫిన్ డబ్బా చేతిలో పెట్టాడు. "రాతికి పూసినవి."

ఆమె మూత తీసింది. లోపల పిడికెడు తెల్లటి పొడి.

"ఇదేంటి? గోడకి కొట్టే సున్నమా?"

అతను డబ్బాలోకి తొంగిచూశాడు. డబ్బా కుదిపి చూశాడు. "నీలంగా ఉన్నాయండీ! పొద్దున కోసినప్పుడు నిగనిగలాడుతూ..."

"రాళ్ళు రాళ్ళని తిరుగుతాను కదా అని ఆటపట్టిస్తున్నారా? ఇవాళ ఓపిక లేదు నాకు. వెళ్ళండి."

అతను వెనక్కి తిరిగాడు. సైకిలు తొక్కడం కూడా మరచిపోయి, నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

కిటికీలోంచి చూస్తే ఆమె మనసు చివుక్కుమంది. కాస్త గట్టిగానే కసిరిందేమో. కూజాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంచుకుంటుంటే తొణికాయి. నాలుగు చుక్కలు డబ్బాలో పడ్డాయి.

తెల్లటి పొడి మీద నాలుగు నీలం మచ్చలు పూశాయి.

ఆమె గ్లాసు ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలియదు. నీటిని తమలో దాచుకుని పూసే లవణాలివి. రాగి కలిసిందేమో, నీలం. ఎండలో పెడితే ఆ నీరు ఎగిరిపోయి సున్నంలా తెల్లబడతాయి. పుల్లటి నీరు ఎక్కడా నక్కలేదు! ఆరిపోయి, పూలై, రాతికి అంటుకుని కూర్చుంది. మొదటి వాన కోసం కాచుకుని ఉంది.

చెరువుగట్టు పక్క ఇంటికి ఆమె పరుగున వెళ్ళేసరికి గుమ్మంలో అతని తల్లి ఎదురైంది.

"ఏంటమ్మాయ్, పొద్దున్నుంచీ వాడు డబ్బా సైకిలుకి కట్టుకుని నీ గుమ్మం చుట్టూ తిరిగాడు, తలుపు కొట్టే ధైర్యం చాలక. ఇప్పుడు నువ్వు మా గుమ్మం దగ్గర. ఇద్దరూ ఒకచోట నిలబడి మాట్లాడుకోవడం రాదా మీకు?"

పొద్దున్నుంచీ ఎండలో! పూలు ఎందుకు వాడాయో ఆమెకి ఇప్పుడు పూర్తిగా అర్థమైంది.

అతను లోపల వల అల్లుతున్నాడు. తలెత్తలేదు.

"ఎక్కడ కోశారు వాటిని?"

"ఎందుకు? మిగిలిన తిట్లు అక్కడ తిడతారా?"

"కాళ్ళు పట్టుకుంటాను, చెప్పండి!"

"అంత దూరం ఎందుకమ్మా," అంది తల్లి తాపీగా. "చెయ్యి పట్టుకో, చాలు."

ఇద్దరి చెవులూ ఎర్రబడ్డాయి.

మర్నాడు పొద్దున అతను ఆమెని గుట్టల వెనక్కి తీసుకెళ్ళాడు. పటంలో పూడ్చేసినట్టు గీసి ఉన్న పాత తవ్వకం అది. చిన్నప్పుడు అమ్మ కోపాన్నించి దాక్కునే చోటట. ముళ్ళపొదల్ని కర్రతో పక్కకి నెట్టి, "వంగి రండి," అన్నాడు.

ఆమె వంగి లోపలికి వెళ్ళింది. నిటారుగా లేవబోయి, సగంలోనే ఆగిపోయింది.

పైన చూరులా ముందుకొచ్చిన బండ. దాని నీడలో, చల్లటి చెమ్మలో, గోడ గోడంతా పూసి ఉంది. నెమలి మెడలాంటి నీలం కిందికి జారి ఆకుపచ్చగా మారుతోంది. పక్కన పసుపు బుడిపెలు. పగుళ్ళలోంచి దూది పోగుల్లా తెల్లటి వెంట్రుకలు, ఊపిరి తగిలినా రాలేటట్టు వేలాడుతున్నాయి. మనుషులు పీకి పారేసిన కొండ, తన గాయం మీద ఇన్ని రంగులు పరుచుకుంది. ఎంత చదివిందో, ఎన్ని బొమ్మలు చూసిందో, అవన్నీ ఆ క్షణాన ఎందుకూ కొరగాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంత విషం," అంది మెల్లిగా, "ఇంత అందంగా..."

అతను గోడమీదికి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు!" అని అరిచి మణికట్టు పట్టేసింది. "నిన్న వట్టి చేత్తోనే కోశావా? ఏదీ, చూపించు!"

వేళ్ళ కొసలు పొక్కి, ఎర్రగా మండిపోయి ఉన్నాయి. ఆమె తన తాగే నీళ్ళ సీసా మొత్తం ఆ వేళ్ళమీద వొంపింది. ఒక్కో వేలూ కడిగింది.

"పూలు కోసుకొస్తే ఎవరైనా ముళ్ళు గుచ్చుకుంటాయనుకుంటారు," అన్నాడు. "పూలే కరుస్తాయని నాకేం తెలుసు?"

"మూర్ఖుడివి."

"మూర్ఖుడినే. కానీ 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. వేళ్ళు పోయినా పర్లేదు."

ఆమె చెయ్యి వదల్లేదు.

ఆ గోడ కిందినుంచి నీళ్ళు వాగులోకి దిగే సందు ఒక్కటే. ఆమె తన ఆఫీసు పెద్దసారుకి ఫోన్ చేసింది. ఆయన వచ్చి, చూసి, చాలాసేపు టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత యంత్రం వచ్చింది. సందుకి అడ్డుకట్ట పడింది. అక్కడినుంచి కాలువ తవ్వి, నిండా సున్నపురాయి పరిచి, ఎండిపోయిన పాత గొయ్యిలోకి మళ్ళించారు. పులుపుని సున్నపురాయి విరిచేస్తుంది. విరగ్గా మిగిలింది గొయ్యిలో పడి ఉంటుంది, చెరువు జోలికి రాదు. చివరి బండి రాళ్ళు దించుతుండగానే పడమట ఆకాశం నల్లబడింది.

వాన పడింది. చూరు మీంచి కారిన ధారలకి గోడ తడిసి, నీలం కరిగింది, పసుపు కరిగింది. వేసవంతా కొండ బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా తుప్పు కలిసిన ఎర్రటి వరదై కాలువలో పడింది. సున్నపురాళ్ళ మధ్య బుసబుసమని నురగలెత్తింది. ఒకే గొడుగు కింద ఇద్దరూ నోరు తెరుచుకుని నిలబడ్డారు. గొడుగు వంకరగా ఉందని, ఇద్దరూ సగం సగం తడుస్తున్నారని ఎవరూ గమనించలేదు.

తెల్లారింది. సన్నటి తుంపర. గట్టుమీద అతను, తల్లి. ఆమె ఒంగి చిన్న కాగితం ముక్క చెరువులో ముంచింది. పుల్లటి నీళ్ళు తగిలితే ఎర్రబడే కాగితం అది, మంచినీళ్ళకైతే ఆకుపచ్చ. అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఏ రంగు?" అన్నాడు.

ఆమె జవాబు చెప్పేలోపే చెరువు నడుమ టప్పుమని ఒక చేప ఎగిరి పడింది. వెంటనే ఇంకొకటి. తర్వాత చెరువంతా.

"ఆకుపచ్చ," అంది ఆమె.

తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "చేపలు బతికాయి, సంతోషం. రాళ్ళ డాక్టరమ్మా, ఇక మావాడి సంగతి కూడా చూడు. వేసవంతా నీ వెనకాల తేలుతూనే ఉన్నాడు." అని, మరి వాళ్ళవంక చూడకుండా ఇంటివైపు నడిచింది.

అతను కాలితో మట్టి గీస్తూ, "మీ పని అయిపోయింది కదా. వెళ్ళిపోతారా?" అన్నాడు.

"ఒక్క వానకి ఏం తేలుతుంది? వచ్చే వేసవికి గోడ మళ్ళీ పూస్తుంది. చూడాలి. ఆపై వేసవీ చూడాలి."

"ఎన్నాళ్ళు?"

ఆమె తడి కాగితాన్ని అతని అరచేతిలో పెట్టి, మానుతున్న ఆ వేళ్ళని ఒక్కొక్కటే మూసింది.

"కొండ పూయడం మానేదాకా," అంది. "రాళ్ళకి తొందరుండదు. నీకుందా?"

అతను తలెత్తి చూశాడు. "ఉంది," అన్నాడు. "లారీ తోలడానికి రావడం లేదని మా బావకి ఇప్పుడే చెప్పాలి."