అంకాలమ్మ చెప్పిన మాట

మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలంతా సరుగుడు చెట్ల నీడకు పరుగెత్తారు. అంకాలమ్మ మాత్రం బడి వెనక మెట్టు మీద కూర్చుని సద్దిగిన్నె మూత తీసింది.

రెండు నెలల కిందట లెక్కల క్లాసులో ఆమెకు మూర్ఛ వచ్చింది. ఆ రోజు నుంచి ఐదో తరగతిలో ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు. "తాకితే మనకీ వస్తది" అని ఎవరో అన్నారు. అంతే, ఆమె పలకను కూడా ఎవరూ ముట్టుకోలేదు.

"ఇక్కడ కూచోనా?"

తలెత్తి చూసింది. కొత్తమ్మాయి ప్రేమలీల. ఊరికి కొత్తగా వచ్చిన పోస్టుమాస్టరు గారి కూతురు. ఆ పిల్లకు ఇంకా ఏమీ తెలియదు.

అంకాలమ్మ గబగబా జరిగి చోటిచ్చింది.

ఇద్దరూ గచ్చకాయలు ఆడారు. మరునాడూ ఆడారు. అంకాలమ్మ పావడా అంచుకు అమ్మ రోజూ ఒక మాత్ర ముడివేసి పంపేది. అన్నం తిన్నాక వేసుకోమని నెల్లూరు డాక్టరు చెప్పాడు. ప్రేమలీల చూస్తే ఏమిటని అడుగుతుంది. చెబితే లేచి వెళ్లిపోతుంది. అందుకని ఆ పిల్ల చూడకుండా మాత్రను ఇసుకలో పూడ్చేసింది. అలా నాలుగు రోజులు చేసింది.

ఐదో రోజు గచ్చకాయను పైకి ఎగరేసింది. పట్టుకున్నట్టు గుర్తులేదు.

కళ్లు తెరిచేసరికి గుప్పిట్లో ఎవరో పెట్టిన తాళంచెవులు ఉన్నాయి. నాలుక మండుతోంది. పావడా తడిసింది. అయ్యవారు తప్ప దగ్గర ఎవరూ లేరు. పిల్లలంతా దూరంగా గోడ పక్కన నిలబడ్డారు. వాళ్ల మధ్యలో ప్రేమలీల ఏడుస్తోంది.

ఇంటికి పోయి అమ్మతో అంతా చెప్పేసింది. వల బాగుచేస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"మాత్ర మానితే మళ్లా వస్తదని డాక్టరు చెప్పినాడు గదమ్మా."

"చూస్తే ఆ పిల్ల గూడా పోతదని..."

"ఇప్పుడేం చేసింది?"

"ఏడిచింది."

"ఏం తెలవని పిల్లాయె. బెదరదా మే?"



మూడు రోజులు ప్రేమలీల మెట్టు దగ్గరికి రాలేదు. నాలుగో రోజు అంకాలమ్మే సరుగుడు చెట్ల కిందికి నడిచింది. పిల్లలు పక్కకు జరిగారు. ప్రేమలీల జరగలేదు. తల కూడా ఎత్తలేదు.

"నాకు మూర్ఛ ఉంది. నీకు ముందే చెప్పాల్సింది. అంటుకునేది కాదంట, డాక్టరు చెప్పినాడు."

"నువ్వు చచ్చిపోయినావనుకున్నా," అంది ప్రేమలీల. "నొప్పి పుడతదా?"

"అప్పుడేమీ తెలవదు. లేచి చూస్తే అందరూ దూరంగా ఉంటారే, అప్పుడు..." ప్రేమలీల ఎదురుగా కూర్చుంది. "మళ్లా పడిపోతే నన్ను పక్కకి తిప్పు. తాళాలూ అవీ వద్దు. నా దగ్గర కూచో, చాలు."

"ఎంతసేపు కూచోవాల?"

ఆ మాట ఇంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు. అంకాలమ్మ ఆలోచించింది.

"నేను నీ పేరు పిలిచేదాకా."