నాది అయిందా?

చీకట్లో ఎవరో మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. అడిగిన మనిషి కనపడటం లేదు. సమాధానం చెప్పాలా, వద్దా? ఒక్కొక్కరే చెప్పండి. అందరూ ఒకేసారి అరిస్తే నాకేం వినపడదు.

వద్దంటావా? సరే, కూర్చో. నువ్వు? "ఎవరది అని ఎదురు అడగాలి" అంటావా? తెలివైనదానివే. కానీ ఇంకో రకం మనుషులున్నారు. వాళ్ళు అసలు ఆలోచించరు. ప్రశ్న చెవిలో పడగానే జవాబు నోట్లోంచి దానంతటదే జారిపోతుంది. అలాంటి ఒకాయన కథ ఇది. నేను కళ్ళతో చూసింది కాదు. ఆయన భార్య మా స్కూల్లో సైన్సు ల్యాబ్ చూసుకునేది. గాజు గొట్టాలు కడుగుతూ ఆవిడ చెప్పింది చెప్పినట్టే మీకు చెబుతున్నాను.

ఊరి బయట, ఏటవాలు రోడ్డు మలుపులో, నీళ్ళ పంపుహౌస్ ఒకటి ఉండేది. దాని ముందు నడుమెత్తు గోడ. పగలంతా ఆ గోడ మీద పిల్లులు పడుకుని ఎండ కాగేవి. తెల్లవారకముందు మాత్రం ఆ దారిన ఒంటరిగా వెళ్ళడానికి ఎవరికీ కాళ్ళు ఆడేవి కావు. ఎందుకంటే — గోడ దగ్గరికి రాగానే ఒక ఆడగొంతు... మెల్లగా... చాలా మర్యాదగా అడిగేదట.

"నాది అయిందా?"

అంతే. ఏడుపు లేదు, నవ్వు లేదు, గజ్జెల చప్పుడు లేదు. ఆ ఒక్క ముక్క.

పేపర్లు వేసే ఆయన ఒకసారి "అయింది" అన్నాడట. అన్న మరుక్షణం రాయి మీద చక్రం ఎక్కి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అది విని పాలాయన జాగ్రత్తపడి "అవలేదు" అన్నాడు. క్యాన్లన్నీ రోడ్డుపాలు. అవునన్నా ముప్పే, కాదన్నా ముప్పే.

ఇంతకీ "నాది" అంటే ఏమిటి? దాని మీద ఊళ్ళో పెద్ద చర్చ. ఆయుష్షు అన్నారు డాక్టరుగారి తల్లిగారు. కర్మఫలం అన్నారు లెక్కల మాస్టారు. బ్యాంకులో పనిచేసే ఆయన మాత్రం, కచ్చితంగా బాకీయే అయుంటుందన్నాడు. ఎవరి భయం వాళ్ళది.

ఇక మన మనిషి సంగతికి వస్తాను. ఊళ్ళో పెద్ద సైకిల్ దుకాణం ఉంది. అందులో రిపేరు బల్ల ఆయనదే. అందరూ రేపయ్య అంటారు. అమ్మానాన్నా పెట్టిన పేరు వేరే ఉంది కానీ, జీతాల రోజు తప్ప దాన్ని ఎవరూ వాడరు. మంచి పనివాడు. వంకర పోయిన చక్రాన్ని కళ్ళు మూసుకుని సరిచేస్తాడు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, మనిషి మెత్తన. "కాదు" అనలేడు, పని అవకుండా "అయింది" అనలేడు. ఆ రెండింటి మధ్యా ఆయనకి దొరికిన మాట ఒకటే — "రేపు రండి".

తేలిక పనులు అప్పటికప్పుడు చేసేసేవాడు. ఏదైనా సామాను వెతికి తేవాల్సిన పనైతే, ఆ సైకిల్ వెనక గదిలోకి పోయేది. అక్కడ పైకప్పుకి కొక్కేలు. ఆ కొక్కేలకి సైకిళ్ళు గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడుతుండేవి.

శనివారం సాయంత్రం దుకాణం యజమానురాలు ఆయన్ని పిలిచింది. ఆవిడ గొంతు పెంచి ఎరగదు. అందుకే అందరికీ భయం.

"రేపయ్యా, ఒక్క మాట. సోమవారం నుంచి ఏ ఒక్క కస్టమర్‌నైనా రేపు రమ్మన్నావని నా చెవిన పడితే, నీ బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తాను. నువ్వు గోదాంలో పెట్టెలు విప్పుకుందువుగాని."

"అలాగేనండీ మేడమ్. రేపటి నుంచి..."

ఆవిడ కళ్ళద్దాల మీదుగా చూసింది.

"సోమవారం నుంచి," అని దిద్దుకున్నాడు.

గోదాంలోనూ జీతం అదే. కానీ మీసం మొలవకముందు నుంచీ ఆయన కూర్చున్న బల్ల అది. దాని అంచు ఆయన మోచేతులకి అరిగి గుంటలు పడింది. ఆ గుంటల్లో ఇంకొకరి మోచేతులు... ఆ రాత్రి అన్నం సహించలేదని ఆయన భార్య చెప్పింది.

ఆదివారం ఆ దుకాణంలో ఒక అలవాటుంది. దుకాణం తెరిచేలోపు అందరూ కలిసి సైకిళ్ళేసుకుని చీకటితోనే ఊరి చుట్టూ తిరిగొస్తారు. అందరివీ ఒకే రకం చొక్కాలు, వీపు మీద దుకాణం పేరు. ముందు మేడమ్. అందరికంటే వెనక ఒకరు రావాలి, ఆ మనిషిని "తోక" అంటారు. దారిలో ఎవరి సైకిల్ మొరాయించినా తోక ఆగి సాయం చెయ్యాలి. బాగుంది కదూ ఏర్పాటు? మరి తోకకే ఏదైనా అయితే ఎవరు ఆగుతారు? ఆలోచించండి. తోకకి తోక ఉండదు.

ఆ రోజు తోక రేపయ్య.

బయల్దేరేముందు, అమ్మకాలు చూసే కుర్రాడు — వాణ్ణి "బేరం" అంటారు — పక్కకి వచ్చి మేలమాడాడు. "అన్నా, పంపుహౌస్ దగ్గర ఆవిడ ఏమైనా అడిగితే తగ్గింపు మాత్రం ఇవ్వకు."

"నోరు మూసుకుని తొక్కరా."

మలుపు దగ్గరపడేసరికి కబుర్లు వాటంతటవే ఆగిపోయాయి. ఎవరూ ఎవరితో చెప్పలేదు కానీ అందరి కాళ్ళూ జోరందుకున్నాయి. ముందున్న ఎర్రదీపాలు ఒక్కొక్కటే మలుపు తిరిగి మాయమయ్యాయి. చివరి దీపం కూడా తిరిగింది. అప్పుడు —

ఫస్స్...

రేపయ్య ముందు చక్రం కూలబడింది. సరిగ్గా గోడ ఎదురుగా.

"ఒరేయ్ బేరం!" అని పిలిచాడు. మలుపు అవతల ఎవరూ ఆగలేదు.

ఏం చేస్తాడు? చక్రం విప్పాడు. నుదుటి మీద చిన్న దీపం. దాని వెలుగు చేతుల వరకే. చేతులకి పని దొరికాక గుండె కాస్త కుదుటపడింది. పంక్చర్ ఎలా వెతుకుతారో తెలుసా మీకు? నీళ్ళు లేనప్పుడు ట్యూబులో కొంచెం గాలి కొట్టి, చెంప దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పుతారు. చిల్లున్న చోట సన్నగా గాలి తగులుతుంది. రేపయ్య తిప్పుతున్నాడు... తిప్పుతున్నాడు... చెంపకి చల్లగా గాలి తగిలింది. హమ్మయ్య అనుకుని అక్కడ వేలు పెట్టి నొక్కాడు.

గాలి ఆగలేదు.

చెవి పక్కనే... మెల్లగా...

"నాది అయిందా?"

"ఇంకా లేదండీ, రేపు రండి," అన్నాడు రేపయ్య, తల ఎత్తకుండా.

అసలు చిల్లు ఇంకోచోట దొరికింది. గరుకు కాగితంతో రుద్దాడు. జిగురు రాశాడు. జిగురు ఆరడానికి ఊదుతూ ఉండగా, తను ఏమన్నాడో అప్పుడు అర్థమైంది ఆయనకి.

తల ఎత్తాడు. గోడ మీద ఒక ఆకారం. తల మీదుగా శాలువా. ఒళ్ళో సంచి. కదలదు, మెదలదు.

ఆ అతుకు ఎలా వేశాడో, చక్రం ఎలా బిగించాడో ఆయనకి గుర్తులేదు. ముందు వెళ్ళినవాళ్ళు వంతెన దగ్గర ఆగి అరటిపళ్ళు తింటున్నారు.

"ఏమైంది?" అంది మేడమ్.

"పంక్చరండీ."

బేరం పక్కకి లాగాడు. "మొహం పాలిపోయిందేం అన్నా?"

"అడిగింది," అన్నాడు రేపయ్య గుసగుసగా.

"నువ్వేమన్నావ్?"

రేపయ్య నుదుటి మీద దీపం ఆర్పాడు.

"ఏమన్నావన్నా?"

"రేపు రమ్మన్నాను."

బేరం నోట్లో అరటిపండు ఉన్నచోటే ఉండిపోయింది. "ఎక్కడికి? దుకాణానికా?"

"చిరునామా చెప్పలేదులే."

"నీ వీపు మీద ఉంది కదన్నా, బారెడు అక్షరాలతో! ఫోన్ నంబరుతో సహా!"

ఆ మధ్యాహ్నం రేపయ్య మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ ఆలోచించాడు. నాది అయిందా... నాది అయిందా... ఎక్కడో విన్నమాటే. ఎక్కడో ఏమిటి, రోజూ వినేదే! బల్ల దగ్గరికి వచ్చిన ప్రతి మనిషీ ముందు అడిగేది అదే. ఆయుష్షూ కాదు, కర్మా కాదు, బాకీ కూడా కాదు. ఊరంతా తలలు పట్టుకున్న ప్రశ్న ఆయనకి ఇట్టే విడిపోయింది. విడిపోయాక ఇంకా భయమేసింది. దెయ్యమైతే దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు. కస్టమరైతే ఎలా? రేపు వస్తుంది. రేపు సోమవారం. మేడమ్ గల్లాపెట్టె దగ్గర కూర్చుని వింటూ ఉంటుంది. ఆ వచ్చినావిడది అవకపోతే "రేపు" అనాలి. అన్నాడా — బల్ల పోయింది.

ఇంతకీ ఆవిడది ఏ సైకిల్? అదెవరికి తెలుసు? అందుకని ఏం చేశాడంటే... అన్నీ బాగుచేశాడు.

సోమవారం దుకాణం ఊడ్చేవాళ్ళు రాకముందే వెళ్ళి, కొక్కేలకి వేలాడుతున్నవన్నీ దించాడు. ఇరుసుల కోసం, చువ్వల కోసం బజారంతా గాలించాడు. దొరకని సామాను పాత ఇనుము దుకాణంలో మోకాళ్ళ మీద కూర్చుని ఏరుకొచ్చాడు. అయినవాటికల్లా ఫోన్లు కొట్టాడు. "మీదయిందండీ, వచ్చి తీసుకెళ్ళండి." అవతల కొందరు ఎవరని అడిగారు. కొందరు సైకిల్ ఇచ్చిన సంగతే మర్చిపోయారు. ఒకాయన, అది తొక్కిన పిల్లాడికి ఇప్పుడు గడ్డాలొచ్చాయని చెప్పి, అయినా వచ్చి తీసుకెళ్ళాడు. మేడమ్ అంతా గమనిస్తూనే ఉంది. మధ్యాహ్నం తన ఫ్లాస్కులో టీ కొంచెం ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళింది. భయం చేయించిన పని బతిమాలితే అవుతుందా!

పొద్దు వాలేసరికి బేరానికి కడుపునొప్పి వచ్చి ఇంటికి వెళ్ళిపోయాడు.

వీధి దీపాలు వెలిగాయి. వెనక గదిలో మిగిలింది ఒక్కటే, బుట్ట ఉన్న ఆకుపచ్చ లేడీస్ సైకిల్. దాని ఇరుసు మార్చి, చక్రం తిప్పి చూస్తున్నాడు. గుమ్మంలో నీడ పడింది.

"అయిందా అండీ?"

చేతిలో పానా కింద పడింది.

తల మీదుగా శాలువా. భుజాన సంచి... రేపయ్య ముందు కాళ్ళు చూశాడు. కాళ్ళు ఉన్నాయి. చెప్పులూ ఉన్నాయి. ఒక చెప్పుకి పిన్నీసు కూడా ఉంది.

"బుట్టది, ఆకుపచ్చది, నాదేనండీ," అంది ఆవిడ. "నేను పంపుహౌస్‌లో రాత్రి డ్యూటీ చేస్తాను. ఎన్నిసార్లొచ్చినా మీరు రేపు రేపు అంటుంటే ఇక రావడం మానేశాను."

రేపయ్యకి ప్రాణం లేచొచ్చింది. "అయితే నిన్న పొద్దున గోడ మీద కూర్చున్నది మీరేనా?"

"నేనేనండీ. డ్యూటీ దిగాక మొదటి బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చుంటాను. సైకిల్ మీ దగ్గరుంది కదా మరి."

రేపయ్య నవ్వాడు. నవ్వి నవ్వి బల్ల పట్టుకున్నాడు. పేపరాయన మోచెయ్యి, పాలాయన పాలు, మాస్టారి కర్మఫలం... ఊరందరికీ నిద్ర లేకుండా చేసిన దెయ్యాన్ని తనే, చేతులారా, ఒక ఇరుసు వెయ్యక తయారుచేశాడన్నమాట!

"నవ్వుతున్నారేంటండీ?"

"చీకట్లో అలా చెవి దగ్గరికొచ్చి అడిగితే ఎవరైనా హడలిపోరా అమ్మా!"

"నేనేం అడిగాను?" అంది ఆవిడ. "నేను గోడ దిగనేలేదే! అడిగింది ఆవిడ కదా."

"...ఎవరు?"

"రోజూ నా పక్కన కూర్చుంటుంది. నేను డ్యూటీలో చేరకముందు నుంచీ ఉంది పాపం. తనదీ మీ దగ్గరే ఇచ్చానంటుంది. మీరు రేపు రమ్మన్నారని మురిసిపోయింది. ఆవిడదే అవుతుంటే నాదీ అయుంటుందని నేనూ వచ్చాను." సైకిలెక్కి గంట కొట్టి చూసుకుంది. "నేను బస్సులో వచ్చానండీ. ఆవిడ బస్సెక్కదు. నడిచొస్తోంది. వచ్చేస్తుంది లెండి."

వెళ్ళిపోయింది.

రేపయ్య వెనక గదిలోకి చూశాడు. కొక్కేలన్నీ ఖాళీ.

"ఇంక షట్టర్ దించు రేపయ్యా," అంది మేడమ్.

దించాడు. సగం దాకా. అక్కడ చెయ్యి ఆగిపోయింది. బయట అడుగుల చప్పుడు లేదు. వీధికుక్క ఒకటి లేచి, తోక ముడుచుకుని, అవతలి పక్కకి వెళ్ళి పడుకుంది.

"నాది అయిందా?"

మేడమ్ తల ఎత్తింది. రేపయ్య వైపే చూస్తోంది. ఆయన పెదవుల దాకా వచ్చింది, "రే..." అని. నాలుక కరుచుకున్నాడు. ఏది ఇస్తాడు? ఏముంది ఇవ్వడానికి? కళ్ళు దుకాణమంతా తిరిగి తిరిగి, బల్లకి ఆనించి ఉన్న తన సైకిల్ మీద ఆగాయి.

"అయిందండీ," అన్నాడు.

అందరికీ చేసినట్టే సీటు గుడ్డతో తుడిచాడు. గాలి నొక్కి చూశాడు. వంగి, షట్టర్ కిందనుంచి తోశాడు. హ్యాండిల్ ఆయన చేతిలోంచి వెళ్ళింది. అవతల ఎవరో అందుకున్నారు. వేళ్ళు తగిలాయి. చల్లగా, తడిగా.

సన్నగా చెయిన్ చప్పుడు... వీధి చివరిదాకా... ఆ తర్వాత అదీ లేదు.

"ఎవరది?" అంది మేడమ్.

"పాత కస్టమరండీ."

"షట్టర్ కింద కాళ్ళు కనపడలేదే?"

"పొట్టి మనిషండీ."

మేడమ్ గల్లాపెట్టెకి తాళం వేసింది. "రేపు రమ్మనలేదు కదా?"

"లేదండీ."

"మంచిది. నీ బల్ల తుడుచుకుని వెళ్ళు."

రేపయ్య నడిచి ఇంటికి చేరాడు. భార్య తలుపు తీసి, "సైకిలేదీ?" అంది. "డెలివరీ ఇచ్చేశాను," అని లోపలికెళ్ళి కడుపునిండా అన్నం తిన్నాడట.

ఆ తర్వాత పంపుహౌస్ దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. పేపరాయన ఈలేసుకుంటూ ఆ దారినే వెళ్ళేవాడు. బేరానికి మాత్రం అనుమానం తీరలేదు. మర్నాడు కడుపునొప్పి తగ్గించుకుని వచ్చి, బల్ల మీదకి వంగి అడిగాడు.

"అన్నా, నిజం చెప్పు. సైకిల్ ఇచ్చేటప్పుడు ఆవిడతో ఇంకేమీ అనలేదు కదా?"

రేపయ్య చేతిలో పని ఆగింది.

"అలవాటుగా ఒక మాట వచ్చేసిందిరా."

"ఏమని?"

"ఏదైనా తేడా చేస్తే తీసుకురండి... అని."

వచ్చిందా అంటే నాకేం తెలుసు? రేపయ్య భార్య అంతవరకు చెప్పేసరికి గాజు గొట్టాలు అయిపోయాయి, గంట కొట్టారు. ఇంక జరగండి. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. బట్టలు సగమే మడతపెట్టి మంచం మీద వదిలేసి వచ్చాను.